బఠానీ మొలకల సాక్ష్యం

మా బాటనీ మేడం పోయిన సంగతి నాకు జిల్లా పేజీలో మూడు లైన్ల వార్తగా తెలిసింది. రిటైరైన జువాలజీ అధ్యాపకురాలు మహబూబ్‌నగర్ దవాఖానలో గుండెపోటుతో మృతి చెందారనీ, ఫలానా ఫలానా వారు సంతాపం తెలిపారనీ రాశారు. మూడు లైన్లలో రెండు తప్పులు. ఆమె రిటైరు కాలేదు, ఇంకా సర్వీసులోనే ఉన్నారు. ఆమె చెప్పింది జువాలజీ కాదు. సంతాపం తెలిపినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా అచ్చయ్యాయి.

నల్గొండలోని ఆ పత్రిక వాళ్ళ గదికి వెళ్ళి తప్పు చెప్పాను. అక్కడున్నాయన నన్ను కూర్చోమనలేదు. "చిన్న వార్తలకు సవరణ వెయ్యం మేడం. అయినా పోయినామెకు ఏ సబ్జెక్టయితే ఏంది?" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమెకు ఏ సబ్జెక్టయితే ఏమిటో నాకు తెలుసు. మా మర్రిగూడలో పన్నెండు ఇళ్ళవాళ్ళకు తెలుసు. మీకు కూడా తెలియాలి.

నేను బీఎస్సీలో చేరేనాటికి మేడంకు నలభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. నల్గొండలోనే అరటిపండ్ల వ్యాపారి బిడ్డ. ఇంటి నుంచి బురఖాలో వచ్చి, ల్యాబులో దాన్ని మడిచి కుర్చీ వెనక వేసి, నూలు చీరలో పాఠం మొదలుపెట్టేవారు. ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేవారు. ఆకు, మట్టి, రికార్డు పుస్తకం, కొత్త సుద్దముక్క. "ముక్కుతోని ఏం సదువుతరు మేడం?" అని వెనక బెంచీలో ఎవరో నవ్వితే, "కండ్లు మోసపోతయి బిడ్డా. ముక్కు జర తక్కువ మోసపోతది" అన్నారు. శనివారం పరీక్షనాళికలన్నీ స్వయంగా కడిగేవారు. రికార్డులో చూడనిది రాస్తే పేజీ మొత్తం కొట్టేసేవారు. "సదివింది వెనక రాయి. ముందు చూసింది రాయి."

మా సిలబస్‌లో ఎథిలీన్ గురించి ఒకటే పేరా ఉండేది. కాయను పండించే వాయువు అని రెండు మాటలు, పరీక్షకు రెండు మార్కులు. మేడం దానికి వారం తీసుకున్నారు. మొదటిరోజు వాళ్ళ నాన్న అరటి గది గురించి చెప్పారు. పచ్చి గెలలను గదిలో పేర్చి, మూలన కుండలో పిడకలు రాజేసి, తలుపు సందులన్నీ మట్టితో మెత్తేవారట. రెండు రోజుల తర్వాత తలుపు తీస్తే గెలలు పసుపు తిరిగి ఉండేవి. వేడికి పండాయని వాళ్ళ నాన్న నమ్మకం. ఈమె ఎమ్మెస్సీ చదివి వచ్చి, వేడి కాదు అబ్బాజాన్, పొగలో ఒక గ్యాసుంది, దాన్ని కాయ పసిగడుతుంది, కాయ తనంతట తాను కూడా ఆ గ్యాసును వదులుతుంది అని చెప్పారట. ఆయన ఉర్దూలో ఒకే మాట అన్నాడట: "నీ గ్యాసు పేరు నాకు తెల్వదు బిడ్డా. సందు మూసుడైతె తెలుసు."

"గాయనకు నాకన్న ముందే తెలుసు. పేరే తెల్వదు" అని మేడం ఆ రోజు పాఠం ముగించారు.

మర్నాడు చీకటి అలమారలో మొలిపించిన బఠానీలు చూపించారు. మామూలు గాలిలో మొలిచినవి సన్నగా, పొడుగ్గా, తిన్నగా ఉన్నాయి. పండిన అరటిపండు పెట్టి మూత వేసిన సీసాలోవి పొట్టిగా, లావుగా, పక్కకు ఒరిగి ఉన్నాయి. గాలిలో ఆ వాయువు రవ్వంత కలిసినా మొలక ఈ మూడు గుర్తులూ చూపిస్తుందట. "లక్షలు పోసి మిషన్లు కొనలేకపోతిమని ఏడ్వకుండ్రి. పిరికెడు బఠానీలు సాలు" అన్నారు. అది పరీక్షలో వస్తుందా అని ఎవరో అడిగారు. మేడం "పరీక్షల రాదు. బతుకుల వస్తది" అన్నారు.

రెండో ఏడాది వానాకాలంలో అది మా బతుకులోకే వచ్చింది.

మా నాయినకు మర్రిగూడలో నాలుగెకరాల చెలక. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి తాగి అప్పటికే మోకాళ్ళు వంగక, కర్ర పట్టుకుని నడిచేవాడు. ఆ ఏడు పత్తి బాగా లేచింది. పూత మీదుండగా, దగ్గరి టౌనులో మందుల దుకాణం ఆయన పేరు లేని తెల్ల సీసాలు అమ్మాడు. కొత్త టానిక్ అనీ, కొడితే పూత నిలుస్తుందనీ చెప్పాడు. మా ఊళ్ళో పన్నెండు మంది కొట్టారు. వారం లోపల మొగ్గ, పూత, లేత కాయ అన్నీ రాలాయి. ఆకు పసుపు తిరిగి అదీ రాలింది. పక్క చెలకల్లో కొట్టనివాళ్ళ పత్తి పచ్చగా నిలబడి ఉంది. దుకాణానికి వెళ్ళి అడిగితే, వానలు లేక రాలింది, మీకు కొట్టుడు రాదు, ఎక్కువ కలిపారు అన్నాడు. మా నాయిన ఎడ్లజతను సంతకు తోలాడు. నన్ను ఈ ఏడుతో చదువు ఆపి ఇంటికి రమ్మన్నాడు.

కాలేజీకి తిరిగి వచ్చేటప్పుడు ఇంట్లో మిగిలిన సీసా తీసుకుని మేడం దగ్గరికి వెళ్ళాను. మూత తీసి వాసన చూశారు. లిట్మస్ కాగితం ముంచితే భగ్గున ఎర్రబడింది.

"టానిక్ అని ఎవడన్నడు?"

"దుకాణం ఆయన, మేడం."

"రాలింది ముందు పూతనా, ఆకా?"

"పూత. తర్వాత ఆకు."

ఆమె సున్నపు తేట తెచ్చి చిన్న గిన్నెలో పోసి, ఆ మందు నాలుగు చుక్కలు కలిపారు. సన్నని బుడగలు లేచాయి. "ఎథెఫాన్ లెక్క కొడ్తాంది" అన్నారు. నాకు అర్థమయ్యేలా చెప్పారు: అది పత్తి చివరలో, కాయలు ముదిరినాక, అన్నీ ఒక్కసారి పగలడానికి కొట్టే మందు. పులుపు తగ్గగానే ఎథిలీన్‌ను విడిచిపెడుతుంది. పూత మీద కొడితే చెట్టుకు పనైపోయిందన్న కబురు అందుతుంది, ఉన్నదంతా రాల్చేస్తుంది. "చెట్టు తప్పు లేదు. చెప్పింది విన్నది. అబద్ధం చెప్పినోడు వేరే ఉన్నడు."

అలా అనుకుంటే చాలదు, చూపించాలి అన్నారు. మూడు సీసాల్లో బఠానీలు మొలిపించారు. మొదటిదాంట్లో ఉత్త సున్నపు తేట గిన్నె. రెండోదాంట్లో తేటతో పాటు ఆ మందు. మూడోదాంట్లో కూడా అదే మందు, అదే కొలత, కాని అక్కడి మొలకలకు ముందుగా సిల్వర్ నైట్రేట్ ద్రావణం చల్లారు. వెండి తగిలిన మొక్క ఎథిలీన్‌ను పసిగట్టలేదు. రెండో సీసా వంకర ఆ వాయువు వల్లే వచ్చిందైతే మూడో సీసా మొలకలు తిన్నగా లేవాలి. వేరే విషం వల్ల వచ్చిందైతే అవీ వంకర పోవాలి. నాలుగో రోజు అలమార తెరిచాం. మొదటివి తిన్నగా ఉన్నాయి. రెండోవి పొట్టిగా, లావుగా ఒరిగిపోయాయి. మూడోవి అంత మందు గాలిలో కూడా తలెత్తి నిలబడ్డాయి. మేడం కుర్చీలో కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయారు. నేను ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆ శనివారమే ఆమె హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళారు. గ్యాసును కొలిచే యంత్రంలో ఈ మందు పరీక్ష చేసి కాగితం ఇవ్వమని అడగడం ఒక పని. రెండోది, విదేశాల్లో ఎథిలీన్‌ను అసలే పసిగట్టని ఆవజాతి చిన్న మొక్క ఒకటి దొరికిందని ఆమె లైబ్రరీలో చదివారు. దాని విత్తనంలోనే, ఒక్క జన్యువులోనే ఆ మార్పు ఉందట. అలాంటి గింజలు పది దొరికినా సాక్ష్యానికి తిరుగుండదని ఆశ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టాడు ఆయన. లోపలికి పిలిచాక, "మందుల నుంచి గ్యాస్ వస్తాంది సార్" అని ఈమె మొదలుపెట్టగానే, "వస్తాంది కాదమ్మా, వస్తోంది" అని దిద్దాడట. జన్యువులూ అవీ మీకెందుకు, వెళ్ళి సిలబస్ పూర్తి చేసుకోండి అన్నాడట.

సోమవారం నాకు ఇది చెబుతూ మేడం పరీక్షనాళికలు కడుగుతున్నారు. "భాష దిద్దిండు. సీసా దిక్కు సూడలే" అన్నారు. ఆ రోజు రెండు నాళికలు ఆమె చేతిలో పగిలాయి.

రైతుల ఫిర్యాదు మీద దగ్గరి టౌనులో విచారణ పెట్టారు. మేడం నాతో అక్కడి నీళ్ళే తెప్పించి, మూడు సీసాల్లోనూ కొత్తగా బఠానీలు మొలిపించారు. మేడం సెలవు పెట్టి, మూడు సీసాలకు చీకటి తప్పిపోకూడదని తన నల్ల బురఖాలోనే చుట్టి, చీర కొంగు తలమీద కప్పుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చారు. నేను పక్కన కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా సంచీని రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకునేవారు.

హాలులో విచారణాధికారి కుర్చీలో ఉన్నాడు. దుకాణం ఆయనకు పక్కనే కుర్చీ వేశారు. రైతులు గోడ వెంట నిలబడ్డారు. మా నాయిన కర్ర మీద బరువు మోపి వరుసలో ముందున్నాడు. మేడం సీసాలు బల్లమీద పెట్టి, ఏది ఏమిటో పది మాటల్లో చెప్పారు.

అధికారి రెండో సీసాలో వంకర మొలకలు చూసి నవ్వాడు. "గివి మర్రిగూడ నీళ్ళు తాగినట్టున్నయి గదా మేడం" అన్నాడు. దుకాణం ఆయన పెద్దగా నవ్వాడు. గుమాస్తాలు నవ్వారు. మా నాయిన తల దించుకున్నాడు. ఎవరికీ కనపడకుండా కర్రను వెనక్కి జరుపుకోవడం నేను చూశాను.

మేడం నవ్వు ఆగేదాకా ఆగారు. "మూడింటికి ఒక్కటే నీళ్ళు పోసిన సార్. మీ బల్ల మీది గిలాసల ఉన్నయి గూడ గవే నీళ్ళు" అన్నారు.

అధికారి గ్లాసు పక్కకు జరిపాడు.

"మీకు డాక్టరేట్ ఉన్నదా?"

"లేదు సార్."

"మరి ఏ హోదాల మాట్లాడుతున్నరు?"

"చూసిన మనిషి హోదాల. మీరు గూడ సూస్తె ఇద్దరమైతం."

ఆయన సీసాలు దగ్గరికి తీసుకోలేదు. మూడో సీసా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అసలు సాక్ష్యమంతా దాంట్లోనే ఉంది. నెల తర్వాత నివేదిక వచ్చింది: నేలలో తేమ చాలక, రైతుల్లో అవగాహన లోపించి పంట దెబ్బతిన్నదని. సీసాల ఊసే లేదు. ఊళ్ళవాళ్ళ కోపం చల్లారేదాకా దుకాణం రెండు నెలలు మూసి ఉంది. తర్వాత అదే గదిలో, అదే గల్లా వెనక అదే మనిషితో, కొత్త బోర్డు లేచింది. మా ఊళ్ళో ఎవరూ కొనలేదు. కాని సీసాల సంగతి వినని ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. మరుసటి ఏడు ఇంకెక్కడో పూత రాలి ఉంటుంది. ఎవరు లెక్క చూశారు?

శిక్ష పడింది మాత్రం ఒక్కరికే. కాలేజీ సిల్వర్ నైట్రేట్‌ను అనుమతి లేకుండా సొంత పనికి వాడినందుకు మేడంకు మెమో ఇచ్చారు. సొంత పని. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకూ నాకు వొళ్ళు మండుతుంది. ఆమెకు గుంట చెలక లేదు. ఆమె జవాబులో రాసింది ఒకే వాక్యం: "వాడాను, దేనికి వాడానో జత చేస్తున్నాను." దానికి నాలుగు పేజీలు, బొమ్మలతో సహా, మా రికార్డుల్లో ఎలా రాయమనేవారో అలాగే కుట్టి ఇచ్చారు. దాన్ని ఎవరైనా చదివిన గుర్తు లేదు. వేసవిలో మహబూబ్‌నగర్ జిల్లాకు బదిలీ కాగితం వచ్చింది.

వెళ్ళేముందు ఆమె మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఏ లెక్చరరూ మా ఊరు రాలేదు. నాయిన మంచం వాల్చి, తాను నిలబడే ఉన్నాడు.

"పిల్లను కాలేజి మాన్పిస్తున్నవంట అన్నా?"

"ఎట్ల సదివియ్యాలె అమ్మా. ఎడ్లు గూడ పాయె."

"ఎడ్లు పోయినయని పిల్లను గూడ పోగొట్టుకుంటవా? నువ్వు సరె అనేదాక నేను గీ గడప దిగ."

మధ్యాహ్నం అన్నం పెడితే తిన్నారు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. అప్పటికీ లేవలేదు. చివరికి నాయిన, "సరె తల్లీ, పొమ్మను" అన్నాడు. నేను ఈ రోజు హైస్కూల్లో పాఠం చెబుతున్నానంటే ఆ సాయంత్రం ఆమె బస్సు వదులుకోవడం వల్లే.

తర్వాతి ఏళ్ళలో ఏడాదికొకసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. మహబూబ్‌నగర్‌లో చెల్లెలి కుటుంబం పక్కనే రెండు గదుల కిరాయి ఇల్లు. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. పోయిన ఏడు వెళ్ళినప్పుడు తలుపు తీస్తూనే, "రా, రా, గిది సదువు" అని జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టారు.

ఎథిలీన్‌ను పట్టుకునే జన్యువును దొరకబుచ్చుకున్నారట. ఆ చిన్న మొక్కలోని మారిపోయిన జన్యువును తీసి పెటూనియాలో పెడితే పువ్వులు రోజుల తరబడి వాడలేదు. టమాటలో పెడితే కాయ వారాలు గడిచినా ఎర్రబడలేదు. చిన్నపిల్లలా వివరించారు. "మనం ఇన్నేండ్లు ఏమనుకున్నం? గ్యాసు వచ్చి, పండు అని హుకుం ఇస్తదనుకున్నం. గట్ల గాదంట. మొక్కల ఒక కావలోడు ఎప్పుడూ ఆగు, ఆగు అంటనే ఉంటడు. గ్యాసు వచ్చి వాని మీద కూసుంటె వాని నోరు మూతపడ్తది. అప్పుడు పండుతది. గీ మార్చిన జన్యువు ఉన్నచోట గ్యాసు కూసోలేదు. వాడు ఎన్నటికీ నోరు మూయడు."

"అప్పుడే ఈ గింజలుంటే మేడం..." అన్నాను.

ఆమె ముఖం మారింది. "ఉంటె? గా మూడో సీసా సూడనోడు నాలుగోది సూస్తుండెనా?" కాగితం తిప్పి మళ్ళీ అందుకున్నారు. "ఇంకోటి సదివినవా? పసిగట్టని మొక్క కొమ్మ నాటితె వేర్లు సరిగ దిగుతలేవంట. రాలేటప్పుడు రాలాలె, వేరు దిగేటప్పుడు దిగాలె, అన్నిటికీ గదే కబురు. వద్దని అంటలేను. మంచి శాస్త్రం, చేయనియ్యి. రేపు గీసొంటి పత్తి గింజ వస్తది, పూత రాలదంటరు. నేనడిగేది ఒక్కటే. గా సంచి మీద లోపల ఏమున్నదో మీ నాయినకు తెలిసేటట్టు రాస్తరా? మొన్న సీసా మీద రాయనోడు రేపు సంచి మీద రాస్తడా?"

ఆ కాగితాలు మడిచి నా సంచీలో పెట్టుకున్నాను.

ఆమె పోయిందని నాయినకు చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, "పేపర్ల గా సీసాల సంగతి రాసిన్రా?" అని. లేదన్నాను. "మరేం రాసిన్రు?" అన్నాడు.

పోయిన ఏటి ఆ రోజే నేను ఆమెను ఆఖరుసారి చూడటం. మధ్యాహ్నం నన్ను బస్సెక్కించడానికి బస్టాండుకు వచ్చారు. నా సీటు కిటికీ పక్కన. బస్సు కదలబోతుండగా కండక్టరు ఒక ముసలామెను పల్లికాయ మూటతో సహా దించేశాడు, మూటకు జాగా లేదని. ఆమె కింద నిలబడి మూటను చూసుకుంటోంది. మేడం కండక్టరుతో వాదించలేదు. చకచకా నడిచి బస్సు ముందుకు వెళ్ళి నిలబడ్డారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. బస్సులోవాళ్ళు విసుక్కున్నారు, ఒకరిద్దరు కిటికీల్లోంచి కేకలేశారు. నేను లేచి ముందు అద్దంలోంచి చూశాను. ఎండలో చీర కొంగు తల మీంచి జారిపోయింది. సర్దుకోలేదు. కాలుతున్న ఇంజను రేకు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో ఆ ముసలామెను చూపిస్తూ నిలబడ్డారు. హారన్ మోగుతూనే ఉంది.